సరంగు పట్టని తలుపు

"స్టూలెక్కాడు, కాలు జారింది, తల బల్లకి బిగించిన ఇనప వైస్‌కి తగిలింది. అంతే కేసు. దీన్ని నవల చెయ్యకండి మేడం గారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ తలెత్తలేదు. మోకాళ్ళమీద కూర్చుని నేలంతా చెల్లాచెదురుగా పడివున్న తెల్ల ముక్కల్ని చూస్తోంది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో పనిచేశారు. ఆమె ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి బయటికొచ్చి ప్రైవేటు డిటెక్టివ్ అయింది. అతను లోపలే ఉండి ఇన్‌స్పెక్టరయ్యాడు. అప్పటినుంచీ ఎదురుపడిన ప్రతిసారీ ఆ "మేడం గారూ"లో కావాలనే ఒక పిసరు కారం కలుపుతాడు.

చనిపోయినాయన్ని అందరూ డ్రాయింగ్ మాస్టారు అనేవారు. పడవలు కట్టే యార్డులో ఉద్యోగమంతా నక్షలు గీసి, రిటైరయ్యాక ఇంటి వెనక గదిలో కూర్చుని పడవల మోడల్స్ తయారు చేసేవారు. ఎవరైనా వాటిని బొమ్మలంటే ఆయనకి ఒళ్ళు మండేది. అసలు పడవలోని ప్రతి కొలతనీ ఒకే లెక్కన కుదించి చేసినదాన్ని బొమ్మంటారా అని పోట్లాటకి దిగేవారు.

ఆఖరుగా ఆయన చేస్తున్నది మునిగిపోయిన లాంచీ మోడల్. వానాకాలంలో జనంతో బోల్తాపడింది ఆ లాంచీ. నడిపిన సరంగు కూడా పోయాడు. సరంగు తాగి నడిపాడని యజమాని అంటున్నాడు. మా నాన్న చుక్క ముట్టడు, యజమాని తర్వాత తగిలించిన పై అంతస్తే లాంచీని ముంచిందని సరంగు కూతురు అంటోంది. ఆ మాట నిరూపించడానికే మాస్టారు మోడల్ మొదలుపెట్టారు. పై అంతస్తు ఊడదీసి నీళ్ళ తొట్టిలో వదిలితే లాంచీ నిటారుగా నిలబడేది. తగిలించి వదిలితే పక్కకి ఒరిగేది. రేపు విచారణ కమిషన్ ముందు, తొట్టితో సహా, అది చూపించాలి.

నిన్న పొద్దున చెల్లెలి ఇంటినుంచి తిరిగొచ్చిన భార్యకి ఆయన ఈ గదిలో బోర్లాపడి కనిపించారు. ఆయన ఛాతీ కింద నలిగి, ముక్కలైపోయిన పడవ.

"అమ్మా, స్టూలు ఎవరిది?" అనడిగింది డిటెక్టివ్.

గుమ్మంలో నిలబడ్డ మాస్టారి భార్య కళ్ళు వాచి ఉన్నాయి. డిటెక్టివ్‌ని కబురు పెట్టి పిలిపించింది ఆవిడే. "వంటింట్లోది. పై అరల్లో డబ్బాలు దింపుకోడానికి నేను వాడతాను. ఆయన స్టూలెక్కి ఎన్నేళ్ళైందో నాకే గుర్తులేదు. కుడి మోకాలు వంగదు ఆయనకి. అందుకే ఈ గదిలో నడుము పైన ఒక్క వస్తువు పెట్టుకోలేదు. కావాలంటే చూడండి."

డిటెక్టివ్ చూసింది. రంగు సీసాలూ, సన్న బ్రష్షులూ, పట్టుకార్లూ, రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్, దానికి గాలి కొట్టే కంప్రెసరూ అన్నీ కూర్చున్నచోటినుంచి చెయ్యి చాస్తే అందేలా ఉన్నాయి. పై అరలు ఖాళీ.

"పెద్దవాళ్ళు చెయ్యకూడని పనులే చేస్తారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మా నాన్న గోడెక్కి కాలు విరగ్గొట్టుకున్నాడు. నేనెవర్ని అరెస్టు చెయ్యాలి, గోడనా?"

వెనక నిలబడ్డ కానిస్టేబుల్ నవ్వబోయి, మాస్టారి భార్యని చూసి మానేశాడు.

కిటికీ గట్టుమీద బోర్లించిన గాజు గ్లాసు ఒకటి ఉంది. దానికింద చిటికెన వేలంత మనిషి. ఖాకీ నిక్కరు, మోచేతులదాకా మడిచిన చొక్కా, చక్రం పట్టుకోడానికన్నట్టు చాచిన చేతులు. చెంపమీద పుట్టుమచ్చ కూడా పెట్టారు.

"సరంగు," అందావిడ. "వాళ్ళమ్మాయి ఫోటోలిస్తే చూసి చెక్కారు. రంగు ఆరాక చక్రం ముందు నిలబెడతానన్నారు. నేను చెల్లెలింటికి వెళ్ళేముందు చూపించి, వీడు తాగుబోతులా ఉన్నాడా చెప్పు, అన్నారు."

డిటెక్టివ్ ఆ సరంగుని పట్టుకారుతో మెల్లిగా తీసింది. నేలమీది ముక్కల్లో చక్రం ఉండే క్యాబిన్ ఒక్కటీ నలక్కుండా మిగిలింది. సరంగుని దాని తలుపు ముందు నిలబెట్టింది. తలుపు అతని నడుముదాకా వచ్చి ఆగిపోయింది.

ఆమె ఇంకో తలుపు వెతికి తీసింది. అదీ నడుముదాకానే. రెయిలింగు ముక్క ఒకటి తెచ్చి పక్కన పెట్టింది. అది సరంగు మోకాలికి కూడా అందలేదు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఒకసారి కిందికి వంగుతారా? ఈ మనిషి లోపలికెలా వెళ్తాడో చెప్పండి."

"పాక్కుంటూ వెళ్తాడు."

"మాస్టారు అన్ని మోడల్సూ ఒకే లెక్కన చేస్తారు. అసలుదాంట్లో నలభై ఎనిమిదో వంతు. గోడమీద ఆయనే రాసి పెట్టుకున్నారు, చూడండి. పుట్టుమచ్చతో సహా మనిషిని చెక్కినాయన, ఆ మనిషి దూరలేని తలుపు పెడతాడా? ఇది మాస్టారి లాంచీ కాదు. పెద్ద ఓడ ఒకదాన్ని ఇంకా బాగా కుదించి చేసిన మోడల్. పొడవు ఇంచుమించు సరిపోయింది, పైన తెలుపు, కింద ఎరుపు కలిసొచ్చాయి. తొక్కి ముక్కలు చేస్తే తేడా ఎవరికి తెలుస్తుంది? ఎవరో అసలు లాంచీని పట్టుకుపోయి, దాని బదులు దీన్ని పగలగొట్టి పడేశారు."

అంతసేపూ ఇన్‌స్పెక్టర్ పెదవిమీద ఆడుతున్న నవ్వు ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత మామూలు గొంతుతో అన్నాడు:

"బొమ్మ తలుపు చిన్నదైందని మనిషిని హత్య చేశారంటే కోర్టులో నవ్వుతారు. నా రిపోర్టు రాసేశాను. ఆ ప్లాస్టిక్ చెత్త ఊడ్చి పారేయించండమ్మా. గదికి తాళం వేస్తాను, తాళంచెవి స్టేషన్లో ఉంటుంది."

మాస్టారి భార్య గుమ్మంలోంచి కదల్లేదు.

"ప్రమాదమని మీరే రాశారు కదా. ప్రమాదం జరిగిన ఇంటికి పోలీసు తాళమెందుకు? ఈ ఇల్లు నాది, తాళం నాది. మీరు బయటికి నడిస్తే నేను వేసుకుంటాను."

"అమ్మా, మర్యాదగా చెబుతున్నాను..."

"నేనూ మర్యాదగానే చెబుతున్నాను నాయనా. ఇంకోలా చెప్పడం కూడా వచ్చు నాకు."

ఇన్‌స్పెక్టర్ ఆవిణ్ణీ డిటెక్టివ్‌నీ మార్చి మార్చి చూసి, జేబులోంచి ఫోన్ తీసుకుంటూ విసవిసా వెళ్ళిపోయాడు.

డిటెక్టివ్ అప్పటికే సంచీ విప్పింది. "చెత్తన్నారు కదా ఇందాక. చెత్త పట్టుకెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు."

"ఈ ఓడ ఎవరిదో ఆయన మోడల్ క్లబ్బువాళ్ళకే తెలియాలి. నేనూ వస్తాను పద," అంటూ చెప్పులేసుకుందావిడ.

*

మోడల్ క్లబ్బువాళ్ళు హాల్లో ఎగ్జిబిషన్‌కి బల్లలు సర్దుతున్నారు. తెల్లగుడ్డలు పరిచిన బల్లలమీద విమానాలూ, ట్యాంకులూ, రైళ్ళూ, అగ్గిపెట్టెలో పట్టే ఊళ్ళూ. ఒక మూల ఇద్దరు పెద్దమనుషులు తుప్పు ఏ రంగులో ఉంటుందన్నదానిమీద గొంతు చించుకుంటున్నారు. ఇంకో మూల ఒకాయన నేలమీద పాకుతున్నాడు. విమానం చక్రం కింద పడిపోయిందట. ఆయనకి సాయంగా ఇంకో ఇద్దరు పాకుతున్నారు. ఎవరికీ అది వింతగా అనిపించినట్టు లేదు.

మాస్టారి భార్యని చూడగానే తుప్పు గొడవ ఆగింది. క్లబ్బు ప్రెసిడెంటు గబగబా ఎదురొచ్చాడు. వృత్తికి పళ్ళ డాక్టరు. పళ్ళకి వాడే సన్నటి డ్రిల్లుతో ఓడ కిటికీలు తొలుస్తాడని అతనికి పేరు. మాస్టారి దగ్గరే పని నేర్చుకున్నాడు, ఆయన్ని అన్నయ్యా అనే పిలిచేవాడు.

"వదినా, మీరెందుకొచ్చారు? కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణి కదా," అన్నాడు కుర్చీ లాగుతూ.

ఆవిడ కూర్చోలేదు.

డిటెక్టివ్ తనెవరో చెప్పి సూటిగా అడిగింది. "మాస్టార్ని మీరు ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"మొన్న సాయంత్రం. క్లినిక్ మూసేసి అటే వెళ్ళాను. లాంచీకి రంగు వేస్తున్నారు. కాసేపు కూర్చుని, చీకటి పడకముందే వచ్చేశాను."

"ఏ రంగు?"

"ఎరుపు. నీళ్ళలో మునిగే భాగానికి."

"అమ్మ ఊరెళ్ళేముందే పేరూ గీతలూ అంటించేసి, పైన వార్నిష్ కూడా పూసేశారట. ఆ తర్వాత మళ్ళీ రంగు వేస్తారా మీవాళ్ళు?"

డాక్టరు తడబడ్డాడు. "అంటే... ఎక్కడో చిన్న గీత పడిందేమో, దిద్దుతున్నారేమో. నేను అంత పట్టించుకోలేదు."

"మీరు పట్టించుకోలేదా?" నేలమీద పాకుతున్నాయన అక్కడినుంచే తలెత్తాడు. "పోయినేడాది నా విమానం రెక్క కింద, ఎవడూ చూడని చోట, ఒక్క చుక్క వార్నిష్ ఎక్కువైందని రెండో బహుమతిలోకి దించారు కదండీ మీరు!"

డిటెక్టివ్ సంచీలోంచి ముక్కలు తీసి బల్లమీద పేర్చింది. క్యాబిన్, డెక్ ముక్కలు, పొగగొట్టం. మాస్టారి లాంచీ అనుకుని అందరూ మూగారు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

అంతలో వెనకనుంచి ఒకామె అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చింది. యూనిఫాం మీదే వచ్చింది, సిటీ బస్సు డ్రైవరు. క్లబ్బులో డ్రైవరమ్మంటారు. బస్సులే చేస్తుంది, తను నడిపిన ప్రతి బస్సూ ఒకటి.

"ఇది మాస్టారిదెందుకవుతుంది? ఇది నాది!" అంది పొగగొట్టం అందుకుని. "నా మొట్టమొదటి మోడల్. చూడండి, పొగగొట్టం వెనక్కి వాలాలా, నేను ముందుకి వాల్చి అంటించాను. మాస్టారు చూసి, అమ్మా, నీ ఓడ ఎదురుగాలికి తల వంచుతోంది, అని ఒకటే నవ్వు. ఇదిగో, ఇక్కడ జిగురు ఆరకుండా పట్టుకుంటే నా బొటనవేలి ముద్ర పడిపోయింది."

డెక్ ముక్కమీద వేలిముద్ర పక్కన తన బొటనవేలు ఆనించి చూపించింది.

"దీన్ని ఎవరికిచ్చావమ్మా?" అంది డిటెక్టివ్.

"డాక్టరు గారికే. క్లినిక్‌లో పెడితే పిల్లలు పన్ను పీకించుకునేటప్పుడు దాన్ని చూస్తూ ఏడుపు మానతారన్నారు. ఎంత సంతోషపడ్డానో..." మాట పూర్తవకముందే ఆమెకి అర్థమైంది. డాక్టరు వైపు తిరిగింది. హాలంతా తిరిగింది.

డాక్టరు బల్ల అంచు పట్టుకున్నాడు.

డిటెక్టివ్ గొంతు తగ్గించింది. "నాకు పొద్దుటినుంచీ ఒకటే ప్రశ్న డాక్టరుగారూ. సాక్ష్యం లేకుండా చెయ్యాలనుకున్నవాడు లాంచీనే పగలగొట్టొచ్చు కదా, ఇంకో పడవ తెచ్చి పగలగొట్టే తిప్పలెందుకు? ఇప్పుడు తెలిసింది. పగలగొట్టాలని వెళ్ళినవాడికి దాన్ని చూశాక చెయ్యి రాలేదు. మనిషి కింద పడివున్నా లెక్కచెయ్యలేదు గానీ, లాంచీమీదికి మాత్రం కాలు లేవలేదు. మీలో ఒకరు తప్ప ఇంకెవరూ అలా చెయ్యరు."

"నాకు చెయ్యి రాలేదు," అన్నాడు డాక్టరు, ఎవరితోనో కాదు, బల్లతో. "ప్రతి మేకూ విడిగా చేశారు వదినా. ప్రతి మేకూ."

*

క్లినిక్ పక్క వీధిలోనే. సగం దించిన షట్టర్ కిందినుంచి నలుగురూ వంగి లోపలికెళ్ళారు. డాక్టరు, డిటెక్టివ్, మాస్టారి భార్య, "నా పడవ లెక్క తేలాలి" అంటూ వెంటబడ్డ డ్రైవరమ్మ.

లోపలి గదిలో, పళ్ళు పీకే కుర్చీ పక్కన, దుప్పటి కప్పిన లాంచీ. డాక్టరు దుప్పటి తీశాడు. డ్రైవరమ్మ "అబ్బా" అనేసి నోరు మూసుకుంది. తాళ్ళు, బెంచీలు, లైఫ్ జాకెట్లు వేలాడే కొక్కేలు, నీటి అంచున పట్టిన నాచు, ఇంజను పక్కన చమురు మరక. పైన మాత్రం, బలవంతంగా ఎక్కించినట్టు, బరువైన ఇంకో అంతస్తు.

డిటెక్టివ్ జేబులోంచి సరంగుని తీసి క్యాబిన్ తలుపు ముందు పెట్టింది. తల ఒంచాల్సిన పని లేకుండా లోపలికి వెళ్ళాడు.

మాస్టారి భార్య లాంచీని ముట్టుకోలేదు. "ఇప్పుడు చెప్పు," అంది.

"ఆ పై అంతస్తు సరిగ్గా ఉందని సర్టిఫికెట్ ఇచ్చింది లాంచీలు తనిఖీ చేసే మా తమ్ముడు. మోడల్ రేపు తొట్టిలో ఒరిగితే వాడి ఉద్యోగమే కాదు, వాడే జైలుకి పోతాడు. ఆ ఒక్క అంతస్తూ కాస్త పొట్టిగా చెయ్యమని అడగడానికి వెళ్ళాను. అన్నయ్య మొహమ్మీదే చెప్పారు. తప్పుడు కొలత గీయమంటే యార్డులోనే గీయలేదు, నీకోసం గీస్తానా, అన్నారు. నేను లాంచీ పట్టుకోబోయాను, ఆయన లాక్కున్నారు. తోసేశాను. తల వైస్ అంచుకి తగిలింది."

"అప్పుడే పోయారా?"

"లేదు!" డాక్టరు గట్టిగా అన్నాడు. "ఒట్టు వదినా. రక్తం కారింది గానీ మాట్లాడుతూనే ఉన్నారు. గోడకానించి కూర్చోబెట్టాను. మంచినీళ్ళడిగారు, ఇచ్చాను. తాగారు. భయపడకురా, వైద్యుడివి కదా, కట్టు కట్టు, అన్నారు. కట్టాను కూడా. ఫోన్ చేశాను. అంబులెన్సు నేను పంపిస్తాను, ఆ పడవని పగలగొట్టి నువ్వు వెళ్ళిపో, అన్నాడు. పగలగొట్టలేక ఇక్కడికి తెచ్చేసి, ఇక్కడున్న పడవని పట్టుకెళ్ళి గది మధ్యలో తొక్కాను. అన్నయ్య చూస్తూనే ఉన్నారు. ఏం చేస్తున్నావురా అన్నారు. నేను... వచ్చేశాను. తెల్లారాక పోయారని తెలిసింది. అంబులెన్సు ఆలస్యమైందేమో అనుకున్నాను."

డిటెక్టివ్ అతని భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "కట్టు కట్టానన్నారు. శవానికి కట్టు లేదు. గోడకి కూర్చోబెట్టానన్నారు. నిన్న పొద్దున అమ్మ చూసేసరికి ఆయన గది మధ్యలో, ముక్కల మీద బోర్లా పడివున్నారు. వంటింటి స్టూలు పక్కనుంది. స్టూలు మీరు తెచ్చారా?"

"స్టూలా? నేను తేలేదు."

"మరి మీరు ఫోన్ చేసిందెవరికి?"

డాక్టరు నోరు తెరిచాడు. బయట షట్టర్ గలగలమని పైకి లేచింది.

ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు. వెనక కానిస్టేబుల్ చేతుల్లో పొడవాటి చెక్కపెట్టె, లోపల గడ్డి. గదిలో ఇంతమంది ఉంటారని అతను అనుకోలేదు. గుమ్మంలో ఒక్క అడుగు తడబడి, సర్దుకున్నాడు.

"మంచిది, అందరూ ఇక్కడే ఉన్నారు. ఆ మోడల్ ఇక పోలీసు స్వాధీనంలో ఉంటుంది. పెట్టెలో పెట్టండి."

"పొద్దున ఇది ప్లాస్టిక్ చెత్త," అంది డిటెక్టివ్.

"మీరే కదా కళ్ళు తెరిపించారు."

"లాంచీ మారిందని చెప్పాను. నిజమే. కానీ ఎవరు మార్చారో అప్పటికి నాకే తెలీదు. క్లబ్బులోంచి సూటిగా ఇక్కడికొచ్చాం, దారిలో ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. ఊళ్ళో ఇన్ని ఇళ్ళుండగా, పెట్టెతో సహా ఈ క్లినిక్‌కే ఎలా వచ్చారు?"

దానికి జవాబు డాక్టరు చెప్పాడు. వేలెత్తి చూపించడానికి కూడా చేతకాక, తలతో చూపించాడు.

"ఆ రాత్రి నేను ఫోన్ చేసింది ఈయనకే. లాంచీ యజమానికి కావలసినవాడని, ఏదైనా తేడా వస్తే చెయ్యమని తమ్ముడే నంబరిచ్చాడు."

మాస్టారి భార్య మెల్లిగా ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"మంచినీళ్ళు తాగి కూర్చున్న మనిషిని ఏం చేశావు?"

"డాక్టరుకి మతి చలించింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "హత్య చేసినవాడు ఎవరిమీదైనా చెబుతాడు. పక్కకి తప్పుకోండమ్మా."

ఆవిడ తప్పుకోలేదు. అప్పటిదాకా ముట్టుకోని లాంచీమీద అరచెయ్యి ఆనించి నిలబడింది. డ్రైవరమ్మ వచ్చి ఆవిడ పక్కన నిలబడి, నడుముకి చేతులు పెట్టుకుంది.

"పట్టుకెళ్ళండి సార్," అంది డ్రైవరమ్మ. "పట్టుకెళ్ళి నుగ్గు చేసుకోండి. ఆ హాల్లో ముప్పైమందిమి ఉన్నాం. ప్రతి వారం మాస్టారి గదిలో కూర్చుని దీని మేకులు లెక్కపెట్టినవాళ్ళమే. ఒకటి పగిలితే ముప్పై చేస్తాం. కమిషన్ వాళ్ళు తొట్లు చాలక చెరువు తవ్వించుకోవాలి."

ఇన్‌స్పెక్టర్ ఆమెనీ, లాంచీనీ, డాక్టర్నీ వరసగా చూశాడు. తర్వాత కానిస్టేబుల్ చేతిలోని పెట్టె కింద పెట్టించాడు.

"నువ్వు జీపులో కూర్చో. ఎవరొచ్చినా లోపల విచారణ జరుగుతోందని చెప్పు."

కానిస్టేబుల్ ఒకసారి లోపలివాళ్ళ మొహాలు చూశాడు. వెళ్ళాలా వద్దా అన్నట్టు నిలబడి, చివరికి వెళ్ళాడు. ఇన్‌స్పెక్టర్ షట్టర్‌ని నేలదాకా లాగి, లోపలినుంచి గడియ వేశాడు. వీధి వెలుతురు పోయి, పళ్ళు చూసే దీపం ఒక్కటే మిగిలింది. ఇటు తిరిగేసరికి అతని చేతిలో పిస్తోలుంది.

డాక్టరు గోడకి అంటుకుపోయాడు. డిటెక్టివ్ మాత్రం రోగి కుర్చీ లాక్కుని, లాంచీకీ పిస్తోలుకీ మధ్య తీరిగ్గా కూర్చుంది.

"స్టూలెక్కి పడ్డాడని ఒక్కడి గురించైతే రాశావు," అంది, ఇన్నాళ్ళ మర్యాద వదిలేసి. "ఇప్పుడు నలుగురం ఉన్నాం. ఎన్ని స్టూళ్ళు తెచ్చుకున్నావు?"